తలకట్టు లేని అక్షరాలు

కాలేజీ గోడ మీది అక్షరాల్ని వరద కడుక్కుపోయిన ఏడాది అది. ఆ ఊళ్లో ఏళ్లని వరదలతోనే గుర్తుపెట్టుకుంటారు. వంతెన వరద, బడ్డీల వరద, గోడ వరద. ఇది గోడ వరద ఏడాది సంగతి.

నీళ్లు తీశాక గోడ మీద మనిషి ఛాతీ ఎత్తున ఒక మట్టి చార మిగిలింది. చార కింద ఉన్న రూల్సన్నీ పోయాయి. ఆలస్యంగా వచ్చినవారికి ప్రవేశం లేదు, సెల్‌ఫోన్లు తేరాదు, గోడలపై రాయరాదు. అవి మళ్లీ రాయడానికి బోర్డు తాతని పిలిచారు.

ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఊళ్లో సగం దుకాణాల పేర్లు ఆయన చేత్తో రాసినవే. చదివింది మూడో తరగతి, అదీ సగం. మనిషి మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టు నోరు బిగించుకుని ఉంటాడు. అడిగినదానికి ‘ఊఁ’ అంటే ఒప్పుకున్నట్టు, ఏమీ అనకపోతే ఒప్పుకోనట్టు.

“పెద్దాయనా, పిల్లలెవరూ మాకు తెలీదు అనడానికి వీల్లేకుండా రాయాలి,” అన్నాడు వైస్ ప్రిన్సిపాలు, గోడ ముందు చేతులు వెనక్కి కట్టుకుని. “ఈ కాలేజీలో రూలంటే గోడ మీద ఉండాలి. గోడ మీద ఉందంటే రూలే. అర్థమైందా?”

“ఊఁ.”

తాత పనికి ఒక వరస ఉంది. సుద్ద పూసిన దారం గోడకి అటూ ఇటూ పట్టి లాగి వదిలితే తెల్లటి గీత పడుతుంది. గీతల మధ్య పెన్సిలుతో అక్షరాలు సర్దుకుంటాడు. తర్వాత వెడల్పు కుంచెతో అక్షరాల ఒళ్లు దిద్దుతాడు. ఎన్ని వరసలుంటే అన్నీ ఒళ్లే ముందు. తలకట్లు పెట్టడు. అన్నీ అయ్యాక, చివర్లో, సన్న కుంచె తీసుకుని మొదటి నుంచీ ఒక్కొక్క తలకట్టే టిక్కు టిక్కుమని పెట్టుకుంటూ పోతాడు. అప్పుడు అన్నీ ఒకే వాలులో, ఒకే మందంలో వస్తాయి. అప్పటిదాకా తల వంచుకుని నిలబడ్డ అక్షరాలు వరసగా తలలెత్తినట్టు ఉంటుంది. నలభై ఏళ్లకి పైగా ఆ చెయ్యి అలాగే నడిచింది.

రెండోరోజు ఆఫీసు కిటికీ పక్కన నిచ్చెన మీదున్నాడు. లోపలి మాటలు వినపడుతున్నాయి. వినకూడదని చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

“పరీక్ష రాసిపెట్టడానికి నిన్న ఇంటర్ పిల్లని తెస్తే వద్దన్నారు. ఇవాళ పదో తరగతి పిల్లని తెచ్చాను సార్.”

ఆ గొంతు తాతకి తెలుసు. ఆయనుండే ఇంట్లోనే పై వాటాలో ఉంటుంది. కుట్టుమిషనమ్మ కూతురు. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. డిగ్రీ రెండో ఏడాది. మాటకి మాట అప్పజెప్పకుండా ఉండలేదని వీధంతా ఆ అమ్మాయిని లాయరు అంటారు.

“ఈ పిల్లని ఒక ప్రశ్న అడిగితే టక్కున చెప్పింది,” అన్నాడు వైస్ ప్రిన్సిపాలు. “నువ్వు చెప్పింది రాస్తుందో, నీకే చెప్పిపెడుతుందో నాకేం తెలుసు?”

“డిగ్రీ చరిత్ర పదో తరగతి పిల్ల చెబితే, ఆ సీట్లో తననే కూర్చోబెట్టండి సార్. నేను ఇంటికెళ్లి పడుకుంటా.”

“ఇదిగో, ఈ ఎకసెక్కాలే వద్దనేది. రాసిపెట్టేవాళ్లకి చదువు నీకంటే తక్కువుండాలి.”

“ఎంత తక్కువ?”

“ఎంత తక్కువుంటే అంత మంచిది! నువ్వు చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఒక్క ముక్క సొంతంగా కలపకూడదు. అలాంటివాళ్లని తెచ్చుకో. ఎల్లుండే పరీక్ష, గుర్తుంది కదా?”

“గుర్తుండబట్టేగా సార్ వచ్చింది.”

కర్ర చప్పుడు బయటికొచ్చింది. వెనకాలే ఆ పదో తరగతి పిల్ల, ఏం తప్పు చేశానో తెలియని మొహంతో. నిచ్చెన దగ్గరికి రాగానే లాయరు ఆగి గాలి పీల్చింది.

“తాతా, పైనున్నావా? టర్పెంటైన్ వాసనొస్తోంది.”

“ఊఁ.”

“విన్నావా?”

తాత పలకలేదు.

“విన్నావన్నమాట. సరే, నువ్వెంతదాకా చదివావు?”

“మూడు.”

“పాసయ్యావా?”

“సగంలో మానేశా.”

లాయరు మొహం విచ్చుకుంది. “ఇంతకంటే తక్కువ ఈ ఊళ్లో దొరకరు. ఎల్లుండి నాకు పరీక్ష రాసిపెట్టు.”

తాత కుంచె డబ్బాలో పెట్టి కిందికి చూశాడు. “నా చెయ్యి నెమ్మది, తల్లీ.”

“మనకి టైం ఎక్కువుంది. మూడు గంటల పరీక్షకి ఇంకో గంట. నాలాంటివాళ్లకి రూలు. గంటకి ఇరవై నిమిషాల చొప్పున.”

“ఎవరిచ్చారు?”

“ఒకరివ్వడమేంటి? రూలు. ఎవరి దయా కాదు.”

తాత గోడ వైపు తిరిగాడు. కుంచె తీసుకుని ఒక అక్షరం ఒళ్లు దిద్దాడు. లాయరు కర్రని భుజానికి ఆనించి అక్కడే నిలబడింది. ఏమీ అనకపోతే ఒప్పుకోనట్టని ఆమెకీ తెలుసు.

“పెన్ను సన్నగా ఉంటే పట్టు దొరకదు,” అన్నాడు చివరికి. “లావుది చూడు.”

*

మర్నాడు సాయంత్రం పై వాటాలో అలవాటు చేసుకున్నారు. కుట్టుమిషన్ కిటికీ దగ్గర, మంచం గోడవారగా, మధ్యలో చాప. తాత చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాగితం మీద ముందుగా వేళ్లతో జానా బెత్తా కొలిచాడు.

“ఏం చేస్తున్నావు?” అంది లాయరు.

“ఎన్ని అక్షరాలు పడతాయో చూస్తున్నా.”

“తాతా, అది దుకాణం బోర్డు కాదు. ఒకటైపోతే ఇంకో కాగితమిస్తారు.”

మిషన్ ఆగింది. అమ్మ నవ్వాపుకోలేక గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. “బాబాయ్, మీరు దీనికి రాసిపెడితే దిద్దే వాళ్లు మార్కులేస్తారో, కొట్టు తెరిచారనుకుని బేరమాడతారో!”

“నువ్వూరుకో అమ్మా. తాతా, రాయి. తొలినాటి ఊళ్లు నదుల ఒడ్డున వెలిశాయి.”

తాత రాశాడు. గుండ్రంగా, నిండుగా, వరస తప్పకుండా. లాయరు ఒక వాక్యం చెప్పి ఆగుతుంది. పెన్ను గీరుడు ఆగగానే ఇంకోటి చెబుతుంది. పేజీ నిండాక పెన్ను చప్పుడు మారింది.

“ఆ టిక్కు టిక్కు ఏంటి?”

“చివరి పని.”

“సరే, పెన్ను మాత్రం ఆపకు,” అందామె. ఆమె మనసు అప్పటికే రెండో ప్రశ్న మీదుంది.

రెండో పేజీకి లాయరు గొంతు వేగమందుకుంది. తాత ఎలా సర్దుకోవాలా అని ఆలోచించాడు. పెద్ద గోడ ఒప్పుకున్నప్పుడు ఎలా పంచుకుంటాడో అలాగే పంచుకున్నాడు. మూడు గంటలు అక్షరాల ఒళ్లకి. ఆ పైన వచ్చే గంట తలకట్లకి. లెక్క సరిపోయింది. మనసులోనే దారం లాగి గీత కొట్టుకున్నాడు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని తోచలేదు.

*

పరీక్ష రోజు వాళ్లని మిగతా పిల్లలతో కూర్చోబెట్టలేదు. గట్టిగా చెబుతుంటే పక్కవాళ్లకి వినపడుతుందని మెట్ల కింది గది ఇచ్చారు. వరదలో నానిన బెంచీలన్నీ అక్కడే పేర్చారు. చెక్క ఉబ్బి, మేకులు తుప్పుపట్టి, గదంతా బురద వాసన.

“మంచి ఏసీ రూము,” అంది లాయరు ముక్కు మూసుకుని.

కాపలాకి కొత్త మేడం వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ప్రశ్నపత్రం చదివి వినిపించేటప్పుడు కంగారులో ఒక ప్రశ్న రెండుసార్లు చదివింది. తాతని చూసి, “మీరేనా రాసేది?” అని రెండుసార్లు అడిగింది. వైస్ ప్రిన్సిపాలు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

“ఏమయ్యా, నువ్వేంటి ఇక్కడ? గోడ పనేమైంది?”

“తక్కువ చదివినవాళ్లని తెమ్మన్నారు కదా సార్,” అంది లాయరు. “మూడో తరగతి సగం. ఇంకా తగ్గించమంటే ఉయ్యాలలో పిల్లని తేవాలి.”

ఆయన మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. గంట కొట్టారు.

లాయరు చెప్పడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర చెప్పినట్టు కాదు. కళ్లు మూసుకుని, వేళ్లతో బల్ల మీద తాళం వేస్తూ, వాక్యం మీద వాక్యం. నది గట్టు తెంచుకున్నట్టు చెబుతోంది. ఎప్పుడో మునిగిపోయిన ఊళ్ల గురించి, మళ్లీ అదే గట్టున ఇళ్లు కట్టుకున్న మనుషుల గురించి. తాతకి సగం మాటలు కొత్త. ఆయన అర్థం వెతకలేదు. చెప్పింది చెప్పినట్టు రాశాడు. మొదటి రెండు పేజీలకి తలకట్లు పెట్టగలిగాడు. తర్వాత లెక్క వేసుకున్నట్టే ఒళ్లు మాత్రమే. బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టి మోచేతి దాకా పాకింది. చెయ్యి ఒకసారి విదిలించుకుని మళ్లీ పట్టుకున్నాడు.

ఆఖరి ప్రశ్న ఆఖరి వాక్యం దగ్గర గంట మోగింది. పైన మెట్ల మీద పిల్లల కాళ్ల చప్పుడు. లాయరు బల్ల మీద చేతులు చాపి, “అమ్మయ్య,” అంది. “ఒళ్లు విరుచుకో తాతా. మనకింకా గంటుంది. మొదటి నుంచి చదివి వినిపించు, ఎక్కడైనా మార్చాలేమో చూద్దాం.”

తాత కాగితాలు వెనక్కి తిప్పి, తలకట్లు లేని మొదటి పేజీ తీసి, పెన్ను దానిమీద పెట్టాడు.

“టైమయింది,” అంది కొత్త మేడం లేచి. “అంటే... మీకెక్కువ ఉందా?”

“ఉంది మేడం. గంట.”

“నాకెవరూ చెప్పలేదే.”

అప్పటికే వైస్ ప్రిన్సిపాలు గుమ్మంలో ఉన్నాడు. చంకలో పేపర్ల కట్ట. “ఏంటింకా? అందరివీ వచ్చేశాయి. ఇచ్చేయండి.”

“మాకింకో గంటుంది సార్. గంటకి ఇరవై నిమిషాల చొప్పున. ఆ ఉత్తర్వు మీ ఆఫీసుకి కూడా వచ్చింది.”

“ఆఫీసుకి బోలెడొస్తాయి. వచ్చినవన్నీ నెత్తిన పెట్టుకు తిరుగుతామా? మన కాలేజీ రూల్స్ గోడ మీదున్నాయి. ఇదెక్కడ రాసుందో చూపించు.”

“నన్ను చూపించమంటున్నారా సార్, గోడ మీద?”

కొత్త మేడం తల దించుకుంది. వైస్ ప్రిన్సిపాలు ఒక్క క్షణం తడబడి, ఆ తడబాటుకి ఇంకా కోపం తెచ్చుకున్నాడు.

“చెప్పడం అయిపోయిందా లేదా?”

“చెప్పడం అయింది. ఇంకా సరిచూసుకోవాలి.”

“చెప్పడమైతే పరీక్షయినట్టే. మేడం, తీసుకోండి.”

తాత అరచెయ్యి కాగితాల మీదుంది. గోళ్ల చుట్టూ నీలం రంగు. కొత్త మేడం కాగితం అంచు పట్టుకుంది గానీ లాగలేదు. ఆమె కళ్లు అక్షరాల మీద పడ్డాయి. తాత మొహం కేసి చూసింది. 

“చెయ్యి తియ్యవయ్యా,” అన్నాడు వైస్ ప్రిన్సిపాలు.

తాత చెయ్యి తీశాడు. పని చెప్పినవాడి మాటకి చెయ్యి తియ్యడం, చెయ్యి వెయ్యడం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటు. తీశాక తెలిసింది, తియ్యకుండా ఉండాల్సిందని. అప్పటికి కాగితాలు కట్టలో కలిసిపోయాయి.

*

దారిపొడుగునా లాయరు తిడుతూనే ఉంది. వైస్ ప్రిన్సిపాలుని, మెట్ల కింది గదిని, బెంచీల్ని, అడ్డమొచ్చిన సైకిల్ని కూడా. ఆమె చెయ్యి తాత మోచెయ్యి మీదుంది.

“పోనీలే. రాయడం వరకూ అయింది. బానే చెప్పాను కదూ? గంట పోతే పోయింది, దాని సంగతి అర్జీ పెట్టి తేలుస్తా. రేపు రెండో పేపరుంది కదా, రేపు చూడు ఏం చేస్తానో.”

 ఇంటి మెట్ల దగ్గరికొచ్చాక తాత ఆగాడు.

“తల్లీ.”

“ఊఁ?” అంది ఆమె, ఆయనలాగే.

“తలకట్లు పెట్టలేదు.”

“దేనికి?”

“మూడో పేజీ నుంచి. దేనికీ పెట్టలేదు. ఒళ్లు రాసుకుంటూ పోయా. గంటుంది కదా, చివర్లో పెడదామనుకున్నా.”

లాయరు చెయ్యి ఆయన మోచెయ్యి మీంచి జారింది. పైన కుట్టుమిషన్ గడగడ నడుస్తోంది. ఆగింది. మళ్లీ నడిచింది.

“అంటే నేను చెప్పిందంతా...” అని ఆగింది. “చదవడానికి వస్తుందా?”

“ఓపికుంటే వస్తుంది. చూడగానే పిచ్చిరాతలా ఉంటుంది.”

“దిద్దేవాళ్లకి ఓపికా!” ఆమె గోడకి చేరబడింది. నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడొకటి వచ్చింది. “ఆ టిక్కు టిక్కు... అదా? ఇవాళ మొదట్లో తప్ప వినపడలేదు. ఎందుకు వినపడలేదో అడగలేదు నేను.”

“నాదే తప్పు,” అన్నాడు తాత. “రేపు ఎప్పటికప్పుడు పెడతా. ఇవాళ రాత్రంతా కూర్చుని అలవాటు చేసుకుంటా. లేదంటే ఆ పదో తరగతి పిల్లనే తీసుకెళ్లు. నేనొచ్చి ఆయన కాళ్లు పట్టుకునైనా ఒప్పిస్తా.”

ఆయన నోట్లోంచి అన్ని మాటలు ఒక్కసారి రావడం లాయరు ఎప్పుడూ వినలేదు. అవి అయిపోయేదాకా ఆగింది.

“ఎవరి కాళ్లూ పట్టుకోవద్దు,” అంది. గొంతు మామూలైంది. మామూలు కంటే కొంచెం గట్టిపడింది. “ఇంతకీ తప్పేంటి నువ్వు చేసింది? గంటుందన్నా. ఉందనుకుని పని సర్దుకున్నావు. ఉన్న గంటని వాడుకోవడం తప్పా, లాక్కోవడం తప్పా?”

తాత గోళ్ల చుట్టూ ఉన్న నీలం రంగు గీక్కున్నాడు.

“చిన్నప్పుడు బళ్లో నన్ను చూసి రాయమనేవాళ్లు తాతా. చూడలేనంటే, ప్రయత్నించు అనేవాళ్లు. ఎప్పుడూ నేనే మారాలి. ఇప్పుడు నీ చెయ్యి కూడా మారాలా? వద్దు. అది ఎలా నడుస్తుందో అలాగే నడవనీ. మారాల్సింది చెయ్యి కాదు. మన టైం మనం తెచ్చుకోవాలి.”

ఆమె రెండు మెట్లు ఎక్కింది.

“ఆ రూలు,” అన్నాడు తాత కింద నుంచి. “మళ్లీ చెప్పు.”

“ఎందుకు?”

“చెప్పు.”

లాయరు రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగింది. “చూపు లేనివారికి, చెయ్యి సాగనివారికి పరీక్షలో గంటకి ఇరవై నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి. ఇది ఎవరి దయా కాదు.”

“చివరిది కూడా రూల్లో ఉందా?”

“లేదు. అది నేను కలిపా.”

“ఇంకోసారి.”

ఆమె ఇంకోసారి చెప్పింది. ముసలాయనకి బాధలో ఏదో ఒకటి వినాలనిపిస్తోంది కాబోలనుకుంది. తాత పెదాలు కదిపాడు. ఎన్ని అక్షరాలు, ఎన్ని వరసలు, వరసకి ఎంత ఎత్తు.

*

మర్నాడు తెల్లవారుతూనే తాత కాలేజీ గేటు దగ్గరున్నాడు. అటెండరు తాళం తీస్తూ, “ఇంత పొద్దున్నే ఏంటి తాతా? కింద వరసలన్నీ అయిపోయాయి కదా,” అన్నాడు.

“ఒకటి మిగిలింది.”

నిచ్చెన మట్టి చారకి పైన, అంతకుముందు ఏ రూలూ లేనంత ఎత్తుకి వేశాడు. దారానికి సుద్ద పూసి అటెండరుని ఒక కొస పట్టుకోమన్నాడు. లాగి వదిలితే పొడుగ్గా గీత పడింది. కింద ఉన్నవి బెత్తెడు అక్షరాలు. ఇవి జానెడు. పెన్సిలుతో సర్దుకుని, వెడల్పు కుంచె ముంచి ఒళ్లు దిద్దడం మొదలుపెట్టాడు.

పరీక్షకి పిల్లలు రావడం మొదలైంది. పుస్తకాలు తిరగేస్తూ వచ్చినవాళ్లు తలెత్తి ఆగారు. “ఏం రాస్తున్నాడ్రా?” “చూ... చూపు లేనివారికి...” “తలకట్లేవి?” “ముందు చదవరా బాబూ!” గుంపు పెరిగింది. లాయరు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. టర్పెంటైన్ వాసనకి తల పైకెత్తింది.

“తాతా?”

“ఊఁ.”

“ఏం చేస్తున్నావు?”

తాత కుంచె ఆపలేదు. గుంపులో కొత్త మేడం ఉంది. లాయరు ఆ చెప్పుల చప్పుడు పోల్చుకుంది.

“మేడం, ఏం రాసుందో కాస్త చదివి పెడతారా?”

సరిగ్గా అప్పుడే వైస్ ప్రిన్సిపాలు స్కూటరు గేటులోకి వచ్చింది. హెల్మెట్ తీయకుండానే గోడ కేసి చూశాడు. కొత్త మేడం ఆయన్ని చూసింది. గోడని చూసింది. గొంతు సవరించుకుంది.

“చూపు లేనివారికి, చెయ్యి సాగనివారికి,” అని మొదలుపెట్టింది. మొదట సన్నగా, తర్వాత క్లాసులో చెప్పినట్టు గట్టిగా. “పరీక్షలో గంటకి ఇరవై నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి. ఇది ఎవరి దయా కాదు.”

కుట్టుమిషనమ్మ తన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుంపు వెనక ఎవరో ఈలేశారు.

“ఎవరు రాయమన్నారు నిన్ను?” అన్నాడు వైస్ ప్రిన్సిపాలు నిచ్చెన కిందికొచ్చి. “సొంతంగా రాస్తావా? నా గోడ మీద?”

తాత కిందికి చూశాడు.

“సొంతం ఒక్క ముక్క లేదు సార్. ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టే.”

“అటెండర్! సున్నం తెచ్చి కొట్టెయ్!”

“సున్నం డబ్బా వరదలో పోయింది సార్,” అన్నాడు అటెండరు. దారం కొస ఇంకా అతని చేతిలోనే ఉంది.

వైస్ ప్రిన్సిపాలు చుట్టూ చూశాడు. రెండు వందల కళ్లు ఆయన మీదున్నాయి. ఆ కళ్లన్నీ ఇప్పుడే చదివేశాయి. గోడ మీద ఉందంటే రూలే అని ఆ పిల్లలకి ఏళ్ల తరబడి చెప్పింది ఆయనే. వేలు పైకెత్తి, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

“ఇదేం రాత? ఒక్క అక్షరానికి తలకట్టు లేదు! దీన్నెవరైనా రూలంటారా? దిగు, గంట కొట్టే టైమైంది.”

తాత వెడల్పు కుంచెని గుడ్డకి తుడిచి డబ్బాలో పెట్టాడు. జేబులోంచి సన్న కుంచె తీసి, మొన పెదాల మధ్య పెట్టి సూటి చేసుకున్నాడు.

“పని కాలేదు సార్,” అన్నాడు. “మాకింకా టైముంది.”

మొదటి అక్షరం దగ్గరికి నిచ్చెన జరిపించుకుని, దానికి తలకట్టు పెట్టాడు. కింద లాయరు తల పక్కకి వంచి, ఆ టిక్కు కోసం చెవి ఒగ్గి నిలబడింది.